వాదిని వెతికే ఉద్యోగం

కిందటి నెల మా వీధి చివరి ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. నేను వ్రతానికి వెళ్ళను, పులిహోరకు వెళ్తాను. అమెరికాలో మేముండే ఈ చాండ్లర్‌లో నన్ను ఎరిగిన తెలుగువాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. ప్లేటు పట్టుకుని ఒక మూల కూర్చుంటే ఆ ఇంటావిడ మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంది. పేరు మేఘన. ఇక్కడే పుట్టి పెరిగింది, లా చదువుతోంది. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడివిడిగా ఉంచాలని పోరాడే ఒక సంస్థలో ఈ వేసవిలో పనికి చేరబోతోందట.

"అంకుల్, మీరు యంగ్‌గా ఉన్నప్పుడు చర్చ్-స్టేట్ కేసెస్ మీద వర్క్ చేశారంట కదా? మీరు విన్ అయిన కేస్ ఒకటి చెప్పండి. బెస్ట్ వన్."

"చెప్తానమ్మా, ముందు తిననీ," అన్నాను. తిన్నాక చెప్పులేసుకుని చడీచప్పుడు లేకుండా ఇంటికి వచ్చేశాను. ఇంత వయసొచ్చి ఒక చిన్నపిల్ల దగ్గర నుంచి పారిపోయాను.

గెలిచిన కేసులు అసలు లేవని కాదు. చిన్నా చితకా ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి చెబితే ఆ పిల్ల సంతోషించేది, నేను అబద్ధం చెప్పినట్టయ్యేది. అందుకని ఓడిపోయిన కేసు గురించి రాస్తున్నాను. మేఘనకూ, ఆమెలాగా ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలకూ. చదివాక కూడా చేరాలనిపిస్తే చేరండి. నేను వద్దనను, రమ్మనీ అనను.

ఉద్యోగం అంటే ఇది

నేను లాయర్ని కాను. చరిత్రలో పీహెచ్‌డీ చేద్దామని వచ్చి, సగంలో వదిలేసినవాణ్ణి. డెబ్భైల చివరి నుంచి ఎనభైలు దాటేదాకా ఈ దేశానికి ఈశాన్యపు మూలన ఉండే న్యూ ఇంగ్లండ్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేశాను. చెప్పులు బాగుచేసే షాపు మీద రెండు గదులు, అదే మా ఆఫీసు. సభ్యులు రిటైరైన ప్రొఫెసర్లు, చర్చికి వెళ్ళడం మానేసిన క్యాథలిక్కులు, కొందరు యూదు డాక్టర్లు, ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూ ఉండే ముసలావిడలు. దేవుడి పేరు మీద ప్రభుత్వం ఎవరి జుట్టూ పట్టుకోకూడదు అన్నది మా అందరి పట్టుదల.

ఆ ప్రాంతంలో మిల్లులున్న ఊళ్ళు చాలా ఉండేవి. అన్నీ క్యాథలిక్ ఊళ్ళే. మేయరు, పోలీసు అధికారి, స్కూలు బోర్డు, అందరూ ఆదివారం ఒకే చర్చిలో మోకరిల్లేవాళ్ళు. చర్చి వేరు, సర్కారు వేరు అని రాజ్యాంగంలో ఉంది. ఆ ఊళ్ళలో మాత్రం ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో అక్కడ పుట్టినవాళ్ళకే తెలిసేది కాదు.

అన్యాయం జరుగుతోందని ఒక సంస్థ వెళ్ళి చెబితే కోర్టు వినదు. దానివల్ల నిజంగా దెబ్బతిన్న మనిషి ఒకరు ముందుకొచ్చి, తన పేరుతో దావా వేయాలి. ఆ మనిషే వాది. వాదిని వెతకడం, దొరికాక జారిపోకుండా చూసుకోవడం నా పని. పొద్దున్నే పాత డాట్సన్ కారేసుకుని ఊళ్ళమీద పడేవాణ్ణి. వంటిళ్ళలో కూర్చుని నీళ్ళలాంటి కాఫీ తాగేవాణ్ణి. జనం కష్టాలు వినేవాణ్ణి. పనికొచ్చే కష్టమేదో, పనికిరాని కష్టమేదో లోపల లెక్కేసుకునేవాణ్ణి. ఆ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉంది, కానీ నా ఉద్యోగం సరిగ్గా అదే.

మా బాసు ఎడ్నా. డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు టీచరు. నిటారుగా నడిచేది, ఎవర్నీ పొగిడేది కాదు. నేను చేరిన మొదటి వారమే ఎదురుగా కూర్చోబెట్టుకుని మంచి వాది ఎలా ఉండాలో చెప్పింది. సొంత ఊరివాళ్ళై ఉండాలి. పెళ్ళి, పిల్లలు ఉండాలి. చర్చికి వెళ్ళేవాళ్ళయితే మరీ మంచిది. అన్నిటికన్నా ముఖ్యంగా, "తగిలిన దెబ్బ తీర్పు వచ్చేదాకా మానకూడదు," అంది. దెబ్బ మానిపోతే ఇంక తేల్చడానికేమీ లేదని కోర్టు కేసు మూసేస్తుంది.

చాలా తెలివైన మాట అనుకుని నోటుబుక్కులో రాసుకున్నాను.

రిక్షా

నేనెందుకు ఈ పనిలో పడ్డానో కొంచెం చెప్పాలి. మాది తెనాలి. నాన్న కాలేజీలో లెక్చరరు, పక్కా హేతువాది. మా ఇంట్లో దేవుడి గూడు ఉండేది కాదు, ఆ జాగాలో పుస్తకాల బీరువా ఉండేది. అమ్మ మాత్రం బియ్యం డబ్బా వెనక వెంకటేశ్వరస్వామి పటం దాచుకుని, నాన్న కాలేజీకి వెళ్ళాక దండం పెట్టుకునేది. అది నాన్నకూ తెలుసు.

మా చెల్లెలికి ముగ్గురు పిల్లలు పుట్టాక మనిషి పీలగా అయిపోయింది. ఇంక చాలు, కు.ని. ఆపరేషన్ చేయించుకో అని డాక్టరమ్మ చెప్పింది. పిల్లల్ని ఇచ్చేది దేవుడు, కాదనడానికి మీరెవరని అమ్మ ఒకటే ఏడుపు. బావ ఎటూ తేల్చలేదు. నేనప్పుడు ఎమ్మే చదువుతున్నాను. ఒక పొద్దున రిక్షా పిలిచి, చెల్లెల్ని ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. ఆపరేషన్ అయిపోయింది. అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. చెల్లెలు మాత్రం కోలుకుంది, ఒళ్ళు చేసింది, నవ్వడం మొదలుపెట్టింది.

జీవితంలో నేను చేసిన పనుల్లో నాకు నిజంగా గర్వంగా అనిపించేది అదొక్కటే. అమెరికాలో ఈ ఉద్యోగం ప్రకటన చూసినప్పుడు ఆ రిక్షాయే గుర్తొచ్చింది. ఇదీ అలాంటి పనే అనుకున్నాను.

ఆస్పత్రి

ఆ ఊరి పేరు రాయను. నది ఒడ్డున మిల్లులు, మిల్లులకు ఎగువన చర్చి. ఊరికంతటికీ ఒకటే ఆస్పత్రి. కట్టించింది మునిసిపాలిటీ, నడిపేది మాత్రం నన్స్. ప్రతి గదిలో శిలువ, పొద్దునా సాయంత్రం మైకులో ప్రార్థన. వీటితో నాకంత పేచీ లేదు. ఇంకో రూలుండేది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆ కప్పు కింద జరగకూడదు. ప్రాణం మీదికొచ్చినా సరే.

అక్కడ కాన్పుల డాక్టరు మన తెలుగావిడే. సుగుణ, గుంటూరులో చదివింది. భర్త ప్రసాద్, మిల్లు యంత్రాల ఇంజనీరు. ఆ చుట్టుపక్కల యాభై మైళ్ళలో మేం మూడే తెలుగు కుటుంబాలం. ఆదివారం వాళ్ళింట్లో భోజనం చేస్తే వారమంతా ఆ రుచి నాలుక మీద ఉండేది. వాళ్ళ దేవుడి షెల్ఫులో వినాయకుడి పక్కన గుణదల మేరీమాత కూడా ఉండేది. చిన్నప్పుడు కాన్వెంటులో చదివిందట, వాళ్ళమ్మ మొక్కుకుందట. నేను ఏడిపించేవాణ్ణి, ఆవిడ నవ్వేసి ఇంకో గరిటె పప్పు వడ్డించేది.

అలాంటి ఒక ఆదివారమే జానెట్ సంగతి చెప్పింది.

"గుంటూరు పెద్దాసుపత్రిలో రోజుకి ఎంతమందికి చేసేదాన్నో లెక్కలేదు సుబ్బారావుగారూ. ఇక్కడ ఒక్కదానికి చేయలేక చేతులు కట్టుకుని కూర్చున్నా. మూడు సిజేరియన్లయినయ్యి. ఇది నాలుగోది. కుట్లున్న చోట గర్భసంచి కాగితంలా అయిపోయింది. ఈసారి బిడ్డని తీసేటప్పుడే ట్యూబులు ముడేస్తే సరిపోద్ది. వేయకుండా పంపిస్తే, ఐదోసారి బతకదు."

"మాత్రలు?"

"కాళ్ళలో రక్తం గడ్డ కట్టింది ఇదివరకు. వాడకూడదు."

"మొగుడు చేయించుకోవచ్చు కదా?"

"అడిగా. పాపమన్నాడు."

తింటూనే లోపల లెక్కేసుకున్నాను. సొంత ఊరి మనిషి. పెళ్ళయింది, పిల్లలున్నారు, చర్చికి వెళ్తుంది. ఎడ్నా చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. నాకు జాలేసింది, నిజమే. దాంతోపాటే మంచి వాది దొరికిందన్న సంతోషమూ కలిగింది. ఏది ముందు కలిగిందని అడక్కండి.

జానెట్‌కు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. మిల్లులో కుట్టుపని చేసి మానేసింది. రెండు సార్లు వాళ్ళింటికి వెళ్ళాక దావాకు ఒప్పుకుంది. "మా అమ్మ తొమ్మిదిమందిని కన్నది. నాకు ఉన్నవాళ్ళను పెంచాలని ఉంది, అంతే," అంది. ఆ మాట మా లాయరు దావాలో ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. మునిసిపాలిటీ కట్టిన ఆస్పత్రిలో ఒక మతం రూలు ఎలా చెల్లుతుందన్నది మా వాదన. జానెట్‌కు ఆపరేషన్ ఎందుకు అవసరమో సుగుణ ఒక అఫిడవిట్ రాసివ్వాలి.

సున్నుండలు

మా పనిలో ఒక నియమం ఉంది. కాగితాలు కోర్టులో పడేదాకా అవతలి పక్షానికి వాసన కూడా తగలకూడదు. సంతకం పెట్టే ముందు రోజు సుగుణ నన్ను ఇంటికి పిలిచింది.

"ఒక్కటడుగుతా. సిస్టర్ ఆగ్నెస్‌కి ముందు చెప్పొద్దా?"

సిస్టర్ ఆగ్నెస్ అంటే ఆ ఆస్పత్రి నడిపే పెద్దావిడ.

"నేనీ ఊరొచ్చినప్పుడు నాకు చలికోటు కొనుక్కోవాలని కూడా తెలీదండీ. చీర మీద స్వెట్టరేసుకుని మంచులో దిగా. ఆవిడ తన కోటు విప్పి నా భుజాన వేసింది. అట్లాంటి మనిషికి చెప్పకుండా కోర్టుకి కాగితం పంపితే, రేపు ఆవిడ మొహం ఎట్లా చూడను?"

ప్రసాద్ మధ్యలో అందుకున్నాడు. "గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. స్పాన్సర్ ఆ హాస్పిటలే. మీరిద్దరూ ఏం చేస్తున్నారో మీకు అర్థమవుతోందా అసలు?"

నేను వద్దని చెప్పాలి. నా ఉద్యోగం అదే చెబుతోంది. కానీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళ చెవిన వేయకుండా ఏ పనీ చేయం. వాళ్ళ మాట కాదనాలన్నా వాళ్ళకు చెప్పే కాదంటాం. సుగుణ అడిగింది నాకు బాగా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది.

"చెప్పండి, తప్పేముంది," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఒక డబ్బా నిండా సున్నుండలు కట్టుకుని సిస్టర్ ఆగ్నెస్ గదికి వెళ్ళింది. మేజా మీద డబ్బా పెట్టి, మీమీద గౌరవం లేక కాదు, నా పేషెంటు బతకాలని ఈ కాగితం రాస్తున్నానని చెప్పింది. సిస్టర్ ఒక సున్నుండ తిని, ఇందులో ఏముంటాయని అడిగిందట. మినుములు, బెల్లం, నెయ్యి అని చెప్పిందట సుగుణ. అప్పుడా పెద్దావిడ ఒక మాటంది. ఆ మాట సుగుణ వెంటనే నాకు ఫోన్ చేసి చెప్పింది.

"ఈ కప్పు కింద మాత్రం ఒప్పుకోలేనన్నారండీ. అది ఆవిడ చేతిలో లేదట. కానీ నెలలు నిండడానికి నెల ముందే జానెట్‌ని తనే కారులో సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తానన్నారు. అక్కడి డాక్టరుకి ఫోన్ చేసి చెప్తారట. వాళ్ళేం చేశారో తను అడగనన్నారు. గంటన్నర డ్రైవ్ అంతే కదండీ! ఇంకేం కావాలి?"

ఏడుస్తూ నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఆ ఒక్క నిమిషం నిజంగా సంతోషించాను. ఈ కథలో నాకు అనుకూలంగా రాసుకోవడానికి ఆ నిమిషం తప్ప ఇంకేమీ లేదు.

"వాళ్ళ కల్చర్ అది"

ఆఫీసుకు వెళ్ళి సంగతి చెప్పగానే మా లాయరు చేతిలో పెన్సిలు విసిరికొట్టాడు. "వాళ్ళకు ముందే ఎవరు చెప్పారు?"

"డాక్టరే వెళ్ళి చెప్పింది. వాళ్ళ కల్చర్ అది," అన్నాను.

వాళ్ళ అన్నాను. మా అనలేదు. నేనే చెప్పమన్నానని కూడా అనలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆఫీసులో ఆ కేసు ప్రస్తావన వస్తే, అమాయకురాలైన ఇండియన్ డాక్టరు స్వీట్లు పట్టుకెళ్ళి, అవతలివాళ్ళకు ముందే ఉప్పందించి పాడుచేసిందని చెప్పుకుని నవ్వేవాళ్ళు. నేను సరిదిద్దలేదు. ఒకటి రెండుసార్లు నేనే ఆ కథ చెప్పి నవ్వించాను.

ఎడ్నా నవ్వే మనిషి కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఆమె సిటీకి వెళ్ళి చేయించుకుంటే కేసు లేదు. కేసు లేకపోతే ఆ రూలు అలాగే ఉంటుంది. ఆ సిస్టర్ చాలా తెలివైంది, ఒక్క మనిషికి దయ చూపించి రూలు కాపాడుకుంటోంది. వెళ్ళి జానెట్‌తో మాట్లాడు."

ఎడ్నా దుర్మార్గురాలని అనుకోకండి. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. ఒక్కరిని దొడ్డిదారిన పంపించినంతకాలం ఆ తర్వాత వచ్చే వందమందికి ముందు తలుపు తెరుచుకోదు. ఇప్పటికీ ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ఈ ఉద్యోగంలో నన్ను నిలువునా తినేసిన సంగతి అదే.

జానెట్ ఇంటికి మధ్యాహ్నం వెళ్ళాను. పిల్లల బట్టలు మడతపెడుతోంది. గోడకు జపమాల వేలాడుతోంది. సిటీకి వెళ్ళడానికి ఆమె అప్పటికే పెట్టె సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకుంది. సుగుణ చెప్పిన గంటలోనే సర్దేసుకుందట.

నేను కూర్చుని అంతా వివరించాను. న్యాయం, రాజ్యాంగం, మీ తర్వాత వచ్చే ఆడవాళ్ళు. కాన్పుకు ఇంకా ఐదు వారాలుంది, ఈలోపే జడ్జి ఉత్తర్వు ఇస్తాడని మా లాయరు నమ్మకం. అప్పుడు మీ ఊళ్ళోనే, మీ డాక్టరే చేస్తుంది. నాకు మాటలు బాగా వచ్చేవి. చెబుతూ ఉంటే నాకే నచ్చాయి.

ఆమె మడతపెట్టడం ఆపి అడిగింది. "మీకు చెల్లెళ్ళున్నారా మిస్టర్ రావ్?"

"ఒక చెల్లెలుంది."

"ఆమె నా చోట ఉంటే ఏం చెప్తారు?"

"ఆగమనే చెప్తాను," అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరున్న పెట్టె లోపలికి తెచ్చుకుంది.

తర్వాత జరిగింది

సుగుణ అఫిడవిట్ మీద సంతకం పెట్టింది, దావా కోర్టులో పడింది. జడ్జి వాదనలు విన్నాడు. ఆలోచించి చెబుతానన్నాడు. జానెట్‌కు మూడు వారాలు ముందే నొప్పులొచ్చాయి. ఆ ఊరి ఆస్పత్రిలోనే సుగుణ సిజేరియన్ చేసింది. ఆడపిల్ల. గర్భసంచి కుట్టేటప్పుడు ట్యూబులు చేతికి తగిలేంత దగ్గర్లో ఉన్నాయని, ముడేయడానికి రెండు నిమిషాలు పట్టేదని, పక్కన నర్సు నిలబడి చూస్తోందని సుగుణ నాతో చెప్పింది. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు జడ్జి కేసు కొట్టేశాడు. ఆస్పత్రిని నడిపేది నన్సే కాబట్టి అది ప్రభుత్వం రూలు కాదన్నాడు. మేం అప్పీలుకు వెళ్ళాం. అప్పీలు నిలవాలంటే జానెట్‌కు ఆ ఆపరేషన్ అవసరం ఇంకా ఉండాలి. కాబట్టి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఆగమన్నాను. రెండోసారి ఆమె చెల్లెలి సంగతి అడగలేదు. సరేనని తలూపింది.

సుగుణ కాంట్రాక్టు ఏడాది తిరిగేసరికి పొడిగించలేదు. అది సిస్టర్ చేసింది కాదు, పైనున్న బోర్డు చేసింది. గ్రీన్ కార్డు కాగితాలు మొదటికొచ్చాయి. వాళ్ళు సామాన్లు కట్టుకుని కాలిఫోర్నియా వెళ్ళిపోతుంటే వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాను. ప్రసాద్ గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో అన్నం తిని మా కొంప మీదకే తెచ్చారు కదండీ," అన్నాడు. లోపలికి రమ్మనలేదు. సుగుణ మాత్రం బయటికొచ్చి ఒక డబ్బా చూపించింది. సున్నుండలు పట్టుకెళ్ళిన డబ్బా. "ఖాళీ డబ్బా ఇవ్వకూడదని ఆవిడకెవరు చెప్పారో, యాపిల్స్ పెట్టిచ్చారు," అంది.

అప్పీలు ఇంకా నడుస్తుండగానే జానెట్‌కు ఐదోసారి నెల తప్పింది. ఏడో నెలలో గర్భసంచి చిట్లింది. ఇంటి దగ్గర నుంచి ఆస్పత్రికి పది నిమిషాల దారి. ఆ పది నిమిషాల్లోనే పోయింది. బిడ్డా దక్కలేదు.

అంత్యక్రియలకు వెళ్ళాను. నేను చర్చి లోపల అడుగుపెట్టని మనిషిని, అది నా నియమం. అందుకని మెట్ల మీద, కరుగుతున్న మంచులో నిలబడ్డాను. లోపల పాట వినిపిస్తోంది. నలుగురు పిల్లలనూ వరసలో నడిపించుకుని ఆమె భర్త లోపలికి వెళ్ళాడు. నన్ను చూసి టోపీ తీశాడు. నన్ను కొట్టినా బాగుండేది.

సిస్టర్ ఆగ్నెస్ బయటికొచ్చి నా పక్కన నిలబడింది. ఆమెతో నేను మాట్లాడడం అదే మొదటిసారి. నన్ను తిడుతుందేమో, దేవుడి గురించి చెబుతుందేమో అనుకున్నాను.

"ఆ రోజు కారులో పెట్రోలు కూడా పోయించి ఉంచాను," అంది. "ఇంకెవరైనా ఉంటే నా ఆఫీసు వెనక తలుపు దగ్గరికి రండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె మీద నాకు కోపం లేదని అనలేను. ఆ రూలును ఒక్కసారి గట్టిగా కాదని ఉంటే జానెట్ బతికేది. మంచివాళ్ళు నడిపే చెడ్డ రూలును కదపడం ఎంత కష్టమో ఈ పనిలోకి వచ్చాక మీకే తెలుస్తుంది. కానీ వెనకదైనా సరే, ఆమె ఒక తలుపు తీసింది. దాన్ని మూయించింది నేను.

కరపత్రం

జానెట్ పోయిన నెలకు ఎడ్నా నన్ను పిలిచి ఆమె గురించి ఒక కరపత్రం రాయమంది. రాశాను. ఈ రూలే ఆమెను చంపిందని రాశాను. తొమ్మిదిమందిని కన్న ఆమె తల్లి గురించి, జానెట్ అన్న మాట గురించి రాశాను. తలుపు దగ్గరున్న పెట్టె గురించి రాయలేదు. నేను ఇంగ్లీషులో రాసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. సభ్యుల నుంచి ఉత్తరాలు వచ్చాయి, చదివి ఏడ్చామని. దేశంలో చాలా చోట్ల అచ్చేసుకున్నారు. మేఘన చేరబోయే చోట కూడా పాత కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆ తర్వాత ఎనభైలంతా అదే ఆఫీసులో పనిచేశాను. ఆ ఊరినుంచి ఇంకో దావా తేలేదు. వాదులు దొరకడం లేదని రిపోర్టుల్లో రాసేవాణ్ణి. నిజానికి సిస్టర్ ఆగ్నెస్ అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. నేను డాట్సన్ వేసుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్ళేవాణ్ణి. వెనక సీట్లో ఒక ఆడమనిషి, ఒడిలో చిన్న పెట్టె. గంటన్నర దారి. వాళ్ళతో నేనేమీ మాట్లాడేవాణ్ణి కాదు. రాజ్యాంగం సంగతి అసలే ఎత్తేవాణ్ణి కాదు. అలా నేను తీసుకెళ్ళిన ప్రతి మనిషీ బతికింది, ఆ ప్రతి మనిషివల్లా ఆ రూలూ బతికింది. నేను ఉద్యోగం మానేసేనాటికీ ఆస్పత్రి గోడ మీద అది అలాగే ఉంది. ఎడ్నా చెప్పినట్టే జరిగింది.

కాబట్టి నా దగ్గర మీకు నేర్పడానికి ఏమీ లేదు. మనిషిని కాపాడితే రూలు నిలుస్తుంది. రూలు మీద పడితే మనిషి పోతుంది. రెండూ కుదిరే దారి ఉందేమోనని నా జీవితంలో సగం వెతికాను, నాకు దొరకలేదు. మీకు దొరుకుతుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఎవరినైనా ఆగమని చెప్పే ముందు, ఆగేది మీరు కాదని గుర్తుపెట్టుకోండి.

ఫోను

పులిహోర తిని పారిపోయి వచ్చిన రోజు సాయంత్రం సుగుణకు ఫోన్ చేశాను. కాలిఫోర్నియాలోనే, శాన్ రామన్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ప్రసాద్ పోయి చాలా ఏళ్ళయింది. ఈ మధ్యకాలంలో మేం ఉగాదికో, ఎవరైనా పోతేనో తప్ప మాట్లాడుకోవడం లేదు. కుశల ప్రశ్నలయ్యాక నేనేదో చెప్పబోతుంటే ఆవిడే అంది.

"అన్నయ్యగారూ, ఎన్నాళ్ళనుంచో అడగాలని. ఆ రోజు నేను సున్నుండలు పట్టుకెళ్ళకుండా ఉంటే కేసు నిలిచేదా? నావల్లే పాడయిందని మీ ఆఫీసులో అనుకునేవాళ్ళంట. ఎవరో చెప్పారు."

"నీవల్ల కాదమ్మా. వెళ్ళమన్నది నేనే. వాళ్ళకా సంగతి చెప్పలేదు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాను. "జానెట్ సిటీకి ఎందుకు వెళ్ళలేదో నీకు తెలీదు. పెట్టె సర్దుకుని కూర్చుంది. వద్దని చెప్పింది నేను. మీ చెల్లెలైతే ఏం చెప్తారని అడిగింది. ఆగమంటానని చెప్పా. మా చెల్లెల్ని నేనే రిక్షా ఎక్కించి తీసుకెళ్ళా సుగుణా. ఒక్క రోజు కూడా ఆగమనలేదు."

ఆవిడ మాటలో కోపం లేదు. అలిసిపోయిన గొంతు.

"తెలుసండీ. కాన్పు రోజు బల్ల మీద పడుకుని జానెట్టే చెప్పింది, మిస్టర్ రావ్ తన చెల్లెలికీ ఇదే చెప్తానన్నారని. ఎంత ధైర్యంగా చెప్పిందో. ప్రతి ఉగాదికీ మీరు ఫోన్ చేసినప్పుడల్లా, ఈసారి చెప్తారేమో, ఈసారి చెప్తారేమో అని చూసేదాన్ని."